అంచు లేని పళ్లెం

వదినగారికి,

నమస్కారాలు. నేను క్షేమం. అన్నయ్యగారి మోకాలు ఎలా ఉంది?

ఒక విషయం చెప్పాలి. మీ చెల్లెలు బొమ్మలు అచ్చు వేసుకునే స్టూడియో నుంచి కబురు వచ్చింది. ఏటా పెట్టే ప్రదర్శన ఇంకా మూడు నెలలుంది. గోడ మీద ఒక చోటు తన పేరున ఉంది. ఒంట్లో బాగున్నప్పుడే రాయించుకుందట. బొమ్మ ఇస్తారా, ఆ చోటు వేరేవాళ్లకి ఇచ్చేయమంటారా అని అడిగారు.

వెళ్లి తన లాకరు తెరిచాను. మూడు వస్తువులున్నాయి. ఒకటి రాగిరేకు. దాని మీద సన్నగీతల్లో డాబా, రెండు తాళ్లు, వాటి మీద ఆరేసిన బట్టలు ఆరు, పిట్టగోడ మీద జారిపడింది ఒకటి. రెండోది చట్రానికి బిగించిన తెర. అందులోంచి రంగు దిగి కాగితం మీద ఏడు ముక్కలుగా పడుతుంది. మూడోది చీటీ. తన దస్తూరి. "ముందు రంగు, తర్వాత గీత."

అంటే తెరతో రంగులు వేసి, అదే కాగితం మీద రాగిరేకుతో గీతలు అచ్చు వేయాలి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. తను పూర్తి చేయలేదు. నేను చేస్తాను. ముప్పై ఏళ్లు సర్వే ఆఫీసులో పటాలు గీశాను. ఇది కొలతల పని. నాకు వచ్చు.

చోటు ఉంచమని చెప్పాను.

దిగులు పడకండి. ఆమ్లం గది తాళంచెవి నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మరిది

* * *

మరిదిగారికి ఆశీస్సులు.

ఈ పది నెలల్లో మీ దగ్గర్నుంచి ఇది రెండో ఉత్తరం. మొదటిది నాలుగు వాక్యాలు. నేను తొమ్మిది రాశాను. ఫోన్ చేస్తే మీరు "ఊఁ" తప్ప ఇంకో మాట అనరు. అందుకే ఉత్తరాలు. "ఊఁ" అని రాసి కవరు అంటించడానికి మీకైనా సిగ్గేస్తుంది కదా అని నా ఆశ.

"దిగులు పడకండి, ఆమ్లం గది తాళంచెవి నా దగ్గరే ఉంది." ఈ ముక్క ఈయనకి చదివి వినిపించాను. ఈయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "మళ్లీ చదువు" అన్నారు. మళ్లీ చదివాను. "ఫోన్ చెయ్యవే" అన్నారు. చేశాను. మీరు "ఊఁ" అన్నారు.

ఇంట్లో ఒక్కరే ఉన్న మనిషి. ఆమ్లం. తాళంచెవి. ఇంక దిగులు పడకుండా ఏం చేయమంటారు, పాట పాడమంటారా? ఆ తాళంచెవి రేపే ఎవరిదో వాళ్లకి ఇచ్చేయండి. ఇచ్చినట్టు ఉత్తరం రాయండి. అసలు ఆమ్లంతో బొమ్మలేమిటి? చెల్లి పాతికేళ్లు ఆ పని చేసిందంటే నేను కుంచెలనే అనుకున్నాను.

అది బొమ్మ పూర్తి చేయకుండా పోయిందని మీరు బాధపడుతున్నారని నాకు తెలుసు. మీరు రాయలేదు, కానీ తెలుసు.

ఇట్లు,
మీ వదిన

తా.క. ఒంటరి మగవాళ్లు గిన్నె తోమకుండా అందులోనే మళ్లీ వండుకుంటారు. మీరలా చేయకండి. గిన్నెలంటే గుర్తొచ్చింది. చెల్లి పంపిన రాగిపళ్లెం మీద నిన్న పాలగిన్నె దించితే, సర్రున జారి బల్ల అవతలికి పోయింది. అంచు లేని పళ్లెం ఎక్కడైనా ఉంటుందా? మా చెల్లి బేరం అంటే అంతే, దుకాణంవాడు ఏది చేతిలో పెడితే అది పట్టుకొస్తుంది.

* * *

వదినగారికి,

నమస్కారాలు. ఆమ్లం రాగిని కొరకడానికి. మనుషులకి కాదు. సీసాలన్నింటికీ చీటీలు రాసి అంటించానని తాళంచెవి నాకు ఇచ్చారు. అది గౌరవం.

పని మొదలుపెట్టాను. స్టూడియో నడిపే ఆవిడని అందరూ కెప్టెన్ అంటారు. ముందు తెరతో రంగులు వేసి ఆరబెట్టాను. నిన్న ఇద్దరం కలిసి ఆ కాగితం తడిపాం. పొడికాగితం గీతల్లోని సిరాని లాగదు, అందుకని తడపాలి. రేకుని కాస్త వేడి చేసి సిరా పట్టించి, పైన మిగిలింది తుడిచాం. తర్వాత ఇద్దరం కలిసి ప్రెస్సు చక్రం తిప్పాం. చాలా బరువైన చక్రం. చాలా రోజులకి ఆకలేసింది.

రంగు, గీత కలవలేదు. చొక్కా ఒకచోట, చొక్కా రంగు ఇంకోచోట. కారణం తెలిసింది. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఎంత సాగుతుందో కొలిచి పట్టిక వేశాను. వచ్చే వారానికి కుదురుతుంది.

ఇట్లు,
మరిది

* * *

మరిదిగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో "ఇద్దరం కలిసి" అన్న మాట రెండుసార్లు ఉంది. ఎర్రసిరాతో సున్నా చుట్టి పెట్టాను. "చాలా రోజులకి ఆకలేసింది" అన్నదానికి రెండు సున్నాలు.

ఇరవై ఎనిమిదేళ్లు ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేశానండీ. "ఆంటీ, లైబ్రరీకి వెళ్లొస్తా" అంటే అది ఏ లైబ్రరీయో, దానికి మీసాలున్నాయో లేవో చెప్పేసేదాన్ని. ఉత్తరంలో రాయని మాట చదవడమే నా ఉద్యోగం. మీరు కాగితం తడిపాం, రేకు వేడి చేశాం, చక్రం తిప్పాం అని నాకు చెబుతారా!

నేను కాదనే మనిషిని కాను. పది నెలలైంది. మీకూ ఒక తోడు కావాలి. చెల్లి ఉంటే అదే ముందు అనేది. కానీ ఇంట్లో పెద్దదాన్ని, నాకొక్క మాట చెప్పి ఆ తర్వాత చక్రం తిప్పాల్సింది. ఎవరీ కెప్టెన్? ఏ ఓడకి? వయసెంత? నవ్వుతుందా? మీరు నవ్వరు కాబట్టి ఇంట్లో ఒకరైనా నవ్వాలి.

ఈయన మాత్రం "నీకెందుకే" అంటున్నారు. ఈయన మాట లెక్కలోకి రాదు.

ఇట్లు,
అన్నీ తెలిసిన మీ వదిన

తా.క. కొత్తావిడ వచ్చేలోపు వంటిల్లు శుభ్రం చేయించండి. ఇక్కడ నా రాగిపళ్లెం సంగతి వినండి. దానికి ఒక పక్క ఏదో నల్లపూత. బూడిద, నిమ్మచెక్క పెట్టి పీచుతో వారం రుద్దితే ఊడింది. రెండో పక్క అన్నీ గీతలు. ఎవరో మేకు పట్టుకుని కసిగా గీకినట్టున్నాయి. కొత్తది అనుకున్నాను, వాడేసింది అంటగట్టారు దానికి. గీతలు పోయేదాకా వదలను.

* * *

వదినగారికి,

నమస్కారాలు. మీరు రాసినదానికి ఆధారం లేదు. కెప్టెన్ మంచి మనిషి. చేతులు గట్టివి. ఆ మాట మీ చెల్లెలు కూడా అనేది. రోజూ రమ్మంది. రోజూ వెళ్తున్నాను.

రెండో ప్రయత్నం: చీటీకి విరుద్ధంగా, ముందు గీత అచ్చు వేసి, ఆరాక రంగు వేశాను. ఆరిన కాగితం సాగదు కాబట్టి. కలవలేదు. మూడో ప్రయత్నం: రాగిరేకు మీది బొమ్మ అద్దంలోలాగా తిరగబడి పడుతుంది. తెర బొమ్మ తిరగబడదు. తను ఆ సంగతి మరిచిపోయి ఉంటుందనుకుని తెరని బోర్లించి వేశాను. ఇంకా దూరం పోయింది. తను మరిచిపోలేదు.

ఇది పదహారో కాగితం. చెత్తబుట్టలో వేసినవి కెప్టెన్ తీసి గోడకి తగిలిస్తోంది. బాగున్నాయట. బాగుండటం నాకు అక్కర్లేదు. కలవాలి. కలుస్తాయి.

ఇట్లు,
మరిది

* * *

మరిదిగారికి ఆశీస్సులు.

"చేతులు గట్టివి." చాలు. ఇంకేం రాయకండి.

మీరు మొహమాటస్తులు, మీ తరఫున మాట్లాడేవాళ్లు లేరు. అందుకని స్టూడియో చిరునామా వెతికి కెప్టెన్‌గారికి నేనే ఉత్తరం వేశాను. తర్వాత మాట రాకూడదని ఏదీ దాచలేదు. మా మరిది బంగారం అని రాశాను. జీతంరాళ్లు తప్ప ఏమీ తెలియని మనిషి, అబద్ధం ఆడడు, ఆడేంత పొడుగు వాక్యం ఆయన నోట రాదు అని రాశాను. సాక్సు జతలు కలిసిపోకుండా నంబర్లు కుట్టించుకుంటాడనీ, నిద్రలో "ఉత్తరం సరిహద్దు, దక్షిణం సరిహద్దు" అంటాడనీ, పొయ్యి ఆర్పానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వస్తాడనీ, ఇవన్నీ మా చెల్లి చెప్పినవేననీ, అయినా అది ఒక్కరోజు కూడా ఆయన మీద చాడీ చెప్పలేదనీ రాశాను.

కొంచెం ఏడుస్తూ రాశాను. సిరా అలుక్కుంటే నీళ్లు పడ్డాయని చెప్పండి.

ఇట్లు,
మీ మేలు కోరే వదిన

తా.క. పళ్లెం మీద గీతలతో పంతం పట్టాను. సగం మసకబారాయి. ఈయన "రాగి అరిగిపోయి రేపు కింద బల్ల కనిపిస్తుందే" అంటున్నారు. కనిపించనీ.

* * *

వదినగారికి,

నమస్కారాలు. కెప్టెన్ మీ ఉత్తరం నాకు చూపించింది. చూపించేముందు స్టూడియోలో అందరికీ పైకి చదివింది.

ఆవిడకి భర్త ఉన్నారు. ప్రెస్సు బాగుచేసేది ఆయనే. ఆ సమయంలో ప్రెస్సు కిందే ఉన్నారు. సాక్సు దగ్గర బయటికి వచ్చి, మళ్లీ చదవమన్నారు. ఇప్పుడు అక్కడ నన్ను "ఉత్తరం సరిహద్దు" అని పిలుస్తున్నారు. నాకు కోపం రాలేదు. తను ఇవన్నీ మీకు చెప్పిందని తెలియదు.

పని విషయం. ప్రదర్శన ఇంకా పన్నెండు రోజులు. నలభై ఒక్క కాగితాలయ్యాయి. కాగితం మార్చాను. తడి మార్చాను. ప్రెస్సు బరువు మార్చాను. కలవలేదు. "కొలతలో తప్పు ఇంత పెద్దగా రాదు, ఇది వేరే తప్పు" అంది కెప్టెన్.

తెర మీద ముక్కలు: పొడవువి మూడు, వాటి కింద పొట్టివి మూడు, మూలన ఒక త్రికోణం. చీర, పంచె అని సరిపెట్టుకుంటూ వచ్చాను. త్రికోణానికి ఏ బట్టా దొరకలేదు. త్రికోణపు బట్ట ఎవరూ ఆరేయరు.

వచ్చే వారం వెళ్లి ఆ చోటు వదులుకుంటానని చెబుతాను. తను ఏమనుకుందో నాకు అర్థం కాలేదు. ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం.

ఇట్లు,
మరిది

* * *

మరిదిగారికి,

చోటు వదలకండి.

అవి ఆరేసిన బట్టలు కావు. మా బొంత. పొడవు ముక్కలు మూడు అమ్మ చీరలోవి. పొట్టివి మూడు మా చిన్నప్పటి గౌన్లు. మూల ఎలుక కొరికితే నాన్న పాత గొడుగు గుడ్డ త్రికోణంగా కత్తిరించి అమ్మ అతుకు వేసింది. నేనూ చెల్లీ పెళ్లిళ్లయ్యేదాకా దాని కిందే పడుకున్నాం. త్రికోణం ఎప్పుడూ నా వైపే. గొడుగు గుడ్డ చల్లగా తగులుతుందని చెల్లి ఏడ్చేది.

ఆ తెరకి ఇంకో రేకు ఉండి తీరాలి. ఇల్లంతా వెతకండి. అటకలు, పరుపు కింద, అన్నీ.

కెప్టెన్‌గారి భర్తకి నా క్షమాపణలు చెప్పండి.

ఇట్లు,
వదిన

తా.క. ఏమీ లేదు. వెతకండి.

* * *

వదినగారికి,

వంటింట్లోకి వెళ్లండి. పళ్లెం మీంచి పాలగిన్నె తీసేయండి. పళ్లాన్ని రుద్దకండి. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి.

చూసి వచ్చాక మిగతాది చదవండి.

ఇల్లంతా వెతికాను. లేదు. చివరికి మీ ఉత్తరాలు ముందేసుకున్నాను, ఎక్కడైనా ఆ రేకు ప్రస్తావన ఉందేమోనని. ఒక సంగతి ఒప్పుకోవాలి. మీ ఉత్తరం వస్తే పైభాగం నేను చదివేవాణ్ని. తా.క. తను చదివేది. మొదటి ఏడాది నుంచీ అలాగే. తను చదివి, నవ్వి, నాకు చెప్పేది. తను పోయినప్పటి నుంచీ "ఇట్లు, మీ వదిన" దగ్గరే నేను ఆగిపోయాను. కింద ఉన్నది తన భాగం.

నిన్న అన్నీ ఒకేసారి చదివాను. పదమూడు. నవ్వాను కూడా. పళ్లెం దగ్గర లేచి నిలబడ్డాను.

తను ఎప్పుడూ పెద్దరేకు కొని రెండు సమాన ముక్కలు చేయించేది. ఒకటి లాకర్లో ఉంది. రెండోది మీ దగ్గర పాలగిన్నె కింద ఉంది.

పార్సిల్ చేయకండి. ఎవరి చేతైనా పంపండి.

ఇట్లు,
మరిది

* * *

మరిదిగారికి,

చూశాను. నా మొహం మీద నేనే ఏడాదిన్నరగా పాలగిన్నె దించుతున్నాను!

పంపినప్పుడు చీటీ పెట్టింది: "అక్కా, ఇది నీది. నీ దగ్గరే ఉండనీ. వచ్చి చెబుతా." రాలేకపోయింది. రాగిపళ్లేనికి వచ్చి చెప్పేదేముంటుందని నేను అనుకున్నాను. రాయని మాటలన్నీ చదివే మనిషిని, రాసింది చదవలేకపోయాను.

ఈ ఉత్తరంతో పాటు రేకునీ ఈయనే బస్సులో తెస్తున్నారు. రెండు దుప్పట్లలో చుట్టి ఒళ్లో పెట్టుకోమన్నాను. మోకాలు నొప్పంటే నొక్కిపెట్టుకోమన్నాను.

చెల్లి ఒక తప్పు చేసింది. త్రికోణం తన వైపు గీసుకుంది. నా వైపే ఉండేదని చెప్పానా!

ఇట్లు,
తలెత్తుకోలేని మీ వదిన

తా.క. ఇది మీరు తప్పకుండా చదవండి. నేను చాలా రుద్దాను మరిదిగారూ. చిన్నపిల్ల మొహం దగ్గర ఒక పాలమరక ఉండేది, అక్కడ మరీ ఎక్కువ. ఏమైనా మిగిలిందో లేదో. మిగలకపోతే నాకు ఉత్తరం రాయకండి. ఫోన్ చేసి "ఊఁ" అనండి, నాకు అర్థమవుతుంది.

* * *

వదినగారికి,

నమస్కారాలు. ఫోన్ చేయలేదు కాబట్టి మీకు సగం తెలిసే ఉంటుంది.

చీటీలో ఉన్నట్టే చేశాను. ముందు రంగు. ఆరాక కాగితం తడిపి, గీత. ప్రెస్సు చక్రం ఈసారి నలుగురం తిప్పాం: నేను, కెప్టెన్, ఆవిడ భర్త, అన్నయ్యగారు. ఎర్రసిరాతో సున్నా చుట్టుకోండి.

మొదటి కాగితానికే కలిసింది. తడికి కాగితం ఎంత సాగుతుందో లెక్కేసి తను తెరని ముందే అంత చిన్నగా చేసి పెట్టింది. నా పట్టికలో అంకె, తను చేసిన అంకె ఒకటే. సరిచూశాను. తను ఏనాడూ కొలబద్ద పట్టుకోవడం నేను చూడలేదు.

త్రికోణం తప్పు కాదు. రేకు బొమ్మ తిరగబడి పడుతుందని రాశాను కదా. కాగితం మీద మీ వైపే పడింది.

ఇక మొహం. పెద్దపిల్ల మేలుకుని ఉంది. నుదుటి మీద గీతలు బాగా మిగిలాయి, ఎవరినో గదమాయిస్తున్నట్టుంది. చిన్నపిల్ల మొహం మీద మీరు రుద్దిన చోట కన్ను, ముక్కు, నోరు దాదాపు పోయాయి. నిద్ర మిగిలింది. చుట్టూ గదంతా సన్నటి మంచులాంటి మసక. మీ పీచు గీతలు. కెప్టెన్ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఇలాంటి మసక కోసం తను పదేళ్లుగా రకరకాల మందులు వాడిందనీ, ఈ పద్ధతి ఏమిటో చెప్పమనీ అడిగింది. చెప్పాను. బూడిద, నిమ్మచెక్క, పీచు, ఏడాదిన్నర, పంతం. రాసుకుంది.

ప్రదర్శనలో బొమ్మ కింద ముగ్గురి వివరాలు పెట్టారు. గీత: చెల్లెలు. రంగు: ఆవిడ భర్త. మసక: అక్క. స్టూడియోలో మీకు సభ్యత్వం ఇచ్చారు. లాకరు కూడా కేటాయించారు. తన లాకరు పక్కనే. ఎల్లుండి పదింటికి ప్రారంభం. మీరు రావాలి. కెప్టెన్ మీ చేతులు చూడాలంటోంది.

తను ఏమనుకుందో అర్థమైంది.

ఇట్లు,
మరిది

తా.క. ఇది నేను రాసిన మొదటి తా.క. రేకు మీది అని తను రాసింది కాబట్టి, అన్నయ్యగారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. పాలగిన్నె మళ్లీ దాని మీదే దించండి. రోజూ రుద్దండి. పదేళ్ల తర్వాత ఇంకో ప్రింటు తీద్దాం.